నడి కాలువ

కోదాడ ఊరి చివర ఉన్న ఆ ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ మూడో సంవత్సరం పిల్లలకు ఒక సబ్జెక్టు సొంతంగా ఎంచుకునే వీలుంది. ఒకటి రోడ్ల నిర్మాణం. ఇంకొకటి కాలువల్లో నీళ్లు ఎలా పారతాయో చెప్పే హైడ్రాలిక్స్. రోడ్లు తీసుకుంటే గట్టెక్కుతారు, కాలువలు తీసుకుంటే మునుగుతారని సీనియర్లు ముందే నవ్వుతూ చెప్పిపెట్టారు. అయినా కరుణ కాలువలే ఎంచుకుంది. ఎందుకే అని హాస్టల్లో ఒకే గదిలో ఉండే అక్షిత అడిగితే, "ఇరిగేషన్ల కొలువులు పడితే పనికొస్తది" అంది. ఆ మాట చెప్తున్నప్పుడు తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది. ఆమె వెంట అక్షిత కూడా అదే తీసుకుంది.

ఆ క్లాసు స్టీఫెన్ సార్ చెప్పేవాడు. జగ్గయ్యపేట నుంచి రోజూ బస్సులో వచ్చే నలభై అయిదేళ్ల మనిషి. మెల్లగా మాట్లాడతాడు, మెల్లగా గీస్తాడు. బోర్డు మీద ముందు కాలువ అడుగు గీసి, రెండు పక్కలా వాలుగా గట్లు గీసి, చివర్న నీటి మట్టం చూపిస్తూ అడ్డంగా ఒక గీత లాగేవాడు. మిగతా పిల్లలకు అదొక బొమ్మ. కరుణకు మాత్రం ఆ గీత పడిన క్షణం నుంచి దాని కింద ఎవరో ఉన్నట్టు అనిపించేది. సార్ చాక్‌పీసు తీసేదాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చునేది. సార్ ఆ గీత కింద బాణం గుర్తు వేసి, నీళ్లు ఇటు పోతున్నాయి అన్నాడంటే ఆమె కళ్లు బాణం వెంట బోర్డు అంచు దాకా పోయి, అక్కడి నుంచి కిటికీ దాటి, ఎక్కడికో పోయేవి.

మొదటి పరీక్షలో క్లాసు సగం బోర్లా పడింది. కరుణ కూడా. మారాలనుకునేవాళ్లు వచ్చే శుక్రవారం లోపల కాగితం ఇవ్వాలి, ఆ తర్వాత మార్పు ఉండదని హెచ్.ఓ.డి. నోటీసు పెట్టించాడు. అక్షిత ఆ సాయంత్రమే రెండు కాగితాలు తెచ్చింది.

"ఒకటి నాది, ఒకటి నీది. సంతకం పెట్టెయ్. గా సబ్జెక్టు మనకు వద్దే తల్లీ. నువ్వు రాత్రిపూట ఒర్రుతున్నవ్ తెలుసా?"

"ఏమని?"

"ఏమో. సరిగ్గ అర్థం కాదు. ఎవర్నో పిలుస్తవ్."

కరుణ కాగితం తీసుకుంది. పేరు రాసింది. సంతకం దగ్గరికి వచ్చేసరికి పెన్ను పక్కన పెట్టి, మళ్లీ చేస్తాలే అంది.

ఒర్రుతున్నానని తెలియదు గానీ, కల వస్తోందని తెలుసు. క్లాసు మొదలైన దగ్గర్నుంచీ ఒకటే కల. కట్ట మీద నిలబడి ఉంటుంది. ఎడమ పక్కకు పోతే ఇల్లు. కుడి పక్కకు పోతే కింది వంతెన, దాని దగ్గర బట్టలుతికే మెట్లు. కాళ్లు రెండూ చెరో వైపు లాగుతుంటాయి. ఎటూ కదలవు. నీళ్లలోంచి ఎవరూ అరవరు. ఆ నిశ్శబ్దానికే మెలకువ వస్తుంది.

కలలో కదలని కాళ్లు నిజంలో కదిలాయి. ఇంటివైపు కదిలాయి. మూడేళ్ల కిందటి సంగతి.

వాళ్లది మిర్యాలగూడ దగ్గర త్రిపురారం పక్క ఊరు. సాగర్ ఎడమ కాలువ నుంచి విడిపోయి వచ్చే మేజర్ కాలువ వాళ్ల పొలం వెనకే పారుతుంది. వానాకాలం వరి కోతలయ్యాయి గానీ కాలువకు ఇంకా నీళ్లు ఆపలేదు. వడ్లు ఆరబోసిన టార్పాలిన్ బురదబురదగా ఉంటే కడుక్కు రమ్మని తండ్రి గౌరయ్య పిల్లలిద్దరినీ పంపాడు. అన్న జీవన్ అప్పుడు డిగ్రీ చివరి సంవత్సరం, కరుణ ఇంటర్. జీవన్‌కు ఈత బాగా వచ్చు. ఆ కాలువలోనే నేర్చుకున్నాడు. వాలుగా ఉన్న సిమెంటు గట్టు మీద కూర్చుని టార్పాలిన్ ఒక కొస నీళ్లలోకి వదిలాడు. అది నీళ్లు పట్టి ఉబ్బి, పారుతున్న నీళ్లతో పాటు ఒక్కసారిగా లాగింది. కొస చేతికి చుట్టుకుని ఉంది. నాచు పట్టిన సిమెంటు మీద కాలు నిలవలేదు. జారుతూ చెల్లెలి వైపు చూసి నవ్వాడు కూడా, ఏదో తమాషాగా పడ్డట్టు. తర్వాత టార్పాలిన్ అతని మీదికి తిరగబడింది.

కరుణ ఇంటివైపు పరుగెత్తింది. అమ్మా అని అరుస్తూ పరుగెత్తింది. జనం వచ్చేసరికి కాలువలో నీళ్లు తప్ప ఏమీ లేవు. మర్నాడు పొద్దున రెండు ఊళ్ల అవతల, కాలువ నీళ్లు ఆపే షట్టరు దగ్గర దొరికాడు.

దినాల నాడు ఆడవాళ్లంతా ఏడుస్తూ కూర్చున్నప్పుడు, సూర్యాపేట నుంచి వచ్చిన చిన్నమ్మ యాదమ్మ ముక్కు చీదుకుంటూ ఒక మాట అంది. "గా పిల్ల ఇంటికి ఉరికే బదులు, కట్టెంబడి మెట్ల కాడికి ఉరికితే అందుతుండె గద పిలగాడు." ఎవరూ ఆమెను కాదనలేదు. ఎవరూ అవుననలేదు. ఆ మాట అలా గాలిలో ఉండిపోయింది. ఆనాటి నుంచి కరుణ ఎక్కడుంటే అదీ అక్కడ ఉంటోంది.

కాలువల సబ్జెక్టు ఎందుకు ఎంచుకుందో ఆమెకు లోలోపల తెలుసు. నీళ్లు ఎంత వేగంగా పోతాయో చెప్పే చదువు అది. నీళ్ల వేగం తెలిస్తే, తను ముందుగా మెట్ల దగ్గరికి చేరగలిగేదా లేదా అన్నది తెలిసిపోతుంది. తెలుసుకోవాలని వచ్చింది. వచ్చాక తెలుసుకోవడానికి భయపడింది.

సంతకం పెట్టకుండానే కాగితం పట్టుకుని స్టీఫెన్ సార్ గదికి వెళ్లింది. సార్ పైకీ కిందికీ చూసి, "ఏంటమ్మా, ఎందుకు మారిపోదామని?" అన్నాడు.

"కష్టంగ ఉంది సార్."

సార్ బీరువాలోంచి పరీక్ష పేపర్ల కట్ట తీసి, ఆమెది వెతికి బల్ల మీద పరిచాడు. "ఇందులో నీకు కష్టమైంది ఏదో చూపించు. వాలు సరిగ్గా తీసుకున్నావు. వైశాల్యం సరిగ్గా ఉంది. సూత్రంలో అన్నీ పెట్టావు. ఆఖర్న వేగం ఎంతో రాయకుండా వదిలేశావు. ప్రతి లెక్కలోనూ అంతే. కాలిక్యులేటర్ నొక్కితే వచ్చేదేగా?"

కరుణ పేపరు వైపు చూడలేదు. కిటికీ బయట ఎవరో బైకు కడుగుతున్నారు. పైపులోంచి నీళ్లు పడుతున్న చప్పుడు.

"రాని వాళ్లు ఇలా రాయరమ్మా," అన్నాడు సార్. "నీకేదో ఇంకో ఇబ్బంది ఉన్నట్టుంది. చెప్పాలనిపిస్తే చెప్పు, లేకపోతే లేదు. గురువారం అందరం మాడుగులపల్లి దగ్గర కాలువ కొలవడానికి వెళ్తున్నాం. అది చూసి నిర్ణయించుకో. శుక్రవారం దాకా టైముందిగా. అప్పటికీ వద్దంటే నేను సంతకం పెడతాను, ఒక్క మాట కూడా అడగను."

ఆదివారం అక్షిత సూర్యాపేటలో వాళ్లింటికి రమ్మని బలవంతం చేసి తీసుకుపోయింది. అక్షిత వాళ్ల నాన్న నగేష్‌కు గింజల వ్యాపారం. ఇంటి ముందు గదంతా పెసర్లు, కందుల బస్తాలు, ఇల్లంతా వాటి దుమ్ము వాసన. వాళ్లమ్మ ఆండాళమ్మ పిల్లలకు వేడివేడిగా సర్వపిండి పెట్టింది. తిన్నంతసేపూ బాగానే ఉంది. చేయి కడుక్కుంటుంటే ఉన్నట్టుండి కరుణకు చిన్నమ్మ ఇల్లు ఇక్కడికి దగ్గరే కదా అని గుర్తొచ్చింది. ఇప్పుడే వస్తానని చెప్పి ఆటో ఎక్కింది.

యాదమ్మ ఆమెను చూసి సంబరపడిపోయింది. ఎంత చిక్కిపోయినవే అంటూ బుగ్గలు పట్టుకుంది. చాయ్ పెట్టింది. కొత్తగా కొన్న ఫ్రిజ్ చూపించింది. కరుణ గ్లాసు పట్టుకుని చాలాసేపు కూర్చుని, చివరికి అడిగింది.

"చిన్నమ్మా, అన్న దినాలప్పుడు నువ్వొక మాటన్నవ్."

"ఏం మాటే?"

"నేను మెట్ల కాడికి ఉరికితే అందుతుండె అని."

యాదమ్మ ముఖంలో ఏమీ కదల్లేదు. నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. నుదురు ముడిచింది. "నేనా? నేనట్ల అన్ననా? లేదే బిడ్డా. నాకు యాదికే లేదు. ఆ పొద్దు నాకు మీదా కిందా తెలుస్తుండెనా? ఏమో, ఏడుసుకుంట ఏమన్ననో." తర్వాత కంగారు పడింది. "ఎందుకు అడుగుతున్నవ్? మీ అమ్మ ఏమన్న అన్నదా?"

"లేదు చిన్నమ్మా. ఉత్తగనే."

మూడేళ్లు తను మోసిన మాటను, పలికిన మనిషి ఆ రోజే అక్కడే పారేసి పోయింది. తిరిగి ఆటోలో వస్తుంటే కరుణకు కోపం రాలేదు. ఇంకా భయం వేసింది. ఆ మాట చిన్నమ్మది కాకపోతే ఇక అది ఎవరిది? అన్నవాళ్లే లేని మాట ఇప్పుడు పూర్తిగా తనదైపోయినట్టనిపించింది.

గురువారం కాలేజీ బస్సు పొద్దున్నే బయల్దేరి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ దాటి, మాడుగులపల్లి వైపు తిరిగింది. రోడ్డుకు రెండు వైపులా ఆకుపచ్చగా వరి. అబ్బాయిలు పాటలు పెట్టుకున్నారు. కాలువ కట్ట కనబడగానే కరుణ కిటికీ కడ్డీ పట్టుకుంది. తన ఊరి కాలువ కాదది. కానీ అలాంటిదే. అంతే వెడల్పు, అదే సిమెంటు వాలు, అంచున అదే నల్లటి నాచు. అదే ఎడమ కాలువ నుంచి విడిపోయిన నీళ్లు. నిండుగా, చప్పుడు లేకుండా, ఎండలో బరువుగా కదులుతున్నాయి.

సార్ ఒక సంచిలోంచి బత్తాయిలు తీశాడు. పిల్లలు తినడానికనుకుని ఎగబడితే నవ్వి ఆపాడు. "ఇవి తేలతాయి. పైనుండే నీళ్లతో సమానంగా పోతాయి. కాలువ మధ్యలోకి విసురుతాను. పైన ఒకళ్లు, కింద మెట్ల దగ్గర ఒకళ్లు టైము చూడండి. ఒకళ్లు పండు వెంబడే కట్ట మీద నడవండి, ఎటు పోతుందో కనిపెట్టుకుని ఉండాలి."

"నేను పోత సార్," అంది కరుణ.

క్లాసంతా ఆమె వైపు చూసింది. నోరు విప్పడం అరుదైన పిల్ల. సార్ సరే అన్నాడు.

బత్తాయి గాలిలో ఎగిరి నడి కాలువలో పడింది. మునిగి, పైకొచ్చి, కొంచెం ఊగి, నీళ్లతో పాటు బయల్దేరింది. కరుణ దానితో పాటు నడవడం మొదలుపెట్టింది. పది అడుగులు వేసేసరికే తెలిసిపోయింది. తను పండు కంటే ముందు ఉంది. నడక నెమ్మది చేయాల్సి వచ్చింది. నీళ్లు అంత తీరిగ్గా పోతున్నాయి, ఎవరికీ ఏ తొందరా లేనట్టు. ఆమె ఇక ఆగలేకపోయింది. పరుగెత్తింది.

"ఒసేయ్, నడవమన్నరు, ఉరకమనలే," అని వెనక నుంచి ఎవరో నవ్వారు. ఆమెకు వినబడలేదు. కలలో కదలని కాళ్లు కుడి వైపుకు కదిలాయి. చున్నీ జారిపోయింది. చెప్పు తెగితే రెండోదీ వదిలేసింది. మెట్ల దగ్గరికి చేరి వెనక్కి చూస్తే, పండు ఎక్కడో దూరంగా, పచ్చటి చుక్కలా ఉంది. కావలసినంత సమయం ఉంది. ఊపిరి తీసుకోవడానికి సమయం ఉంది. మెట్లు దిగడానికి సమయం ఉంది. ఒకరి పేరు పిలవడానికి కూడా సమయం ఉంది.

అందుతుండె గద పిలగాడు.

కట్ట మీద టైము చూసే అబ్బాయి పిలుస్తున్నా ఆగకుండా ఆమె మెట్లు దిగింది. చివరి మెట్టు మీద నీళ్లు పాదాలను తాకాయి. కూర్చుని, ఒక చేత్తో పై మెట్టు పట్టుకుని, ఇంకో చేయి ముందుకు చాచింది. పండు వస్తోంది. నడి కాలువలోంచే వస్తోంది. ఒడ్డుకు ఏమాత్రం జరగడం లేదు. దారి గీసిపెట్టినట్టు మధ్యలోనే వస్తోంది. ఆమె ఇంకా ముందుకు వంగింది. భుజం లాగింది. వేళ్ల చివర్ల నుంచి పండుకు ఇద్దరు మనుషులు పడుకునేంత దూరం ఉంది. అది ఆమె ఎదురుగా వచ్చింది. ఒక్కసారి తిరిగి, తొడిమె ఉన్న వైపు ఆమెకు చూపించింది. ఆమెను దాటి వెళ్లిపోయింది.

ఇలా వచ్చేవాడన్నమాట. ఎదురుగా. చూస్తుండగానే.

"అమ్మా! కరుణా! ఇలా రా, పైకి రా ముందు!"

వెనకే పరుగెత్తుకొచ్చిన స్టీఫెన్ సార్ మెట్ల మీద నిలబడి చేయి చాచి ఉన్నాడు. ముఖం తెల్లబోయి ఉంది. ఆమె పైకి వచ్చి గట్టు మీద కూలబడింది. సార్ మిగతా పిల్లల్ని రెండో పండు వదలమని అటు పంపేశాడు. అప్పుడు చెప్పింది. టార్పాలిన్ గురించి, నవ్వు గురించి, ఇంటివైపు పరుగు గురించి. చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఇంత చిన్న సంగతా అని ఆమెకే ఆశ్చర్యం వేసింది.

"నేనే గెలుస్తుంటి సార్," అంది. "నీళ్ల కంటే నేనే ముందు వస్తుంటి. అవునా కాదా?"

సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తేలిగ్గా ఒక అబద్ధం చెప్పగలిగేవాడు. ఆ రోజు నీళ్లు ఎక్కువ ఉండి ఉంటాయనో, కాలువ వేరనో.

"అవునమ్మా. నువ్వే ముందొచ్చేదానివి."

ఆమె తల ఊపింది.

"వచ్చి ఏం చేసేదానివో కూడా ఇప్పుడు చూశావుగా. చెయ్యి అందదు. నీకే కాదు, నాకూ అందదు. నువ్వు దూకేదానివి. ఈత వచ్చా?"

"రాదు సార్."

"అదీ సంగతి." కాలువ వైపు చూస్తూ అన్నాడు, "ఆ రోజు అక్కడ ఒక తాడు ఉండుంటే, ఒక పెద్ద మనిషి ఉండుంటే ఏమయ్యేదో నాకు తెలీదు. తెలిసినట్టు చెప్పను. నా దగ్గరున్న చదువు నీళ్ల గురించి చెబుతుంది. అంతవరకే."

తిరుగు ప్రయాణంలో ఆమె కాలేజీ బస్సు ఎక్కలేదు. ఇంటికి వెళ్లి పొద్దున్నే వస్తానంటే సార్ సరేనన్నాడు. మిర్యాలగూడలో త్రిపురారం బస్సు పట్టుకుని ఊరు చేరేసరికి సాయంత్రమైంది. తల్లి బాలనర్సమ్మ వాకిట్లో కూర్చుని చేటలో బియ్యం చూస్తోంది. కాళ్లకు చెప్పుల్లేకుండా వచ్చిన కూతుర్ని చూసి లేవబోయింది.

"ఏమైందే? చెప్పుల్లేవేంది? దెబ్బగిట్ల తాకిందా?"

"ఏం కాలేదమ్మా. కూసో."

తల్లి పక్కన నేల మీదే కూర్చుంది. ఆ ఇంట్లో మూడేళ్లుగా ఎవరూ ఆ రోజు గురించి మాట్లాడలేదు. గోడ మీది ఫొటోకు దండ మారుస్తారు, అంతే. జీవన్ అన్న పేరు పలకాల్సిన చోట అందరూ ఒక చిన్న విరామం ఇచ్చి ముందుకు పోతారు. కరుణ ఆ విరామం దగ్గర ఆగింది.

"అమ్మా, ఆ పొద్దు నేను మెట్ల కాడికి ఉరికితే నీళ్ల కంటె ముందు వోతుంటి. ఇయ్యాల కాల్వ కాడ ఉరికి చూసిన. నేనే ముందు వోయిన."

బాలనర్సమ్మ చేతులు బియ్యంలోనే ఆగిపోయాయి. "ఎవలు ఉరకమన్నరు నిన్ను?" అంది. గొంతులో కోపం. "ఎవలు అడిగిన్రే నిన్ను? ఎందుకు వోయినవ్ కాల్వ కాడికి?"

"చదువులనే ఉన్నదమ్మా అది. ముందు వోయిన గని చెయ్యి అందలే. నడిమిట్ల కెల్లి పోతది. ఎంత వంగినా అందలే."

కోళ్లు గంప దగ్గరికి చేరుతున్నాయి. వీధిలో ఎవరో ట్రాక్టరు వెనక్కి తీస్తున్నారు. ఆ చప్పుడు ఆగాక, తల్లి చేటలోకి చూస్తూనే అంది.

"నేను ఇన్న బిడ్డా."

"ఏంది?"

"నువ్వు ఒర్రుడు. కట్ట మీదికెల్లి అమ్మా అమ్మా అనుకుంట వస్తున్నవ్ సూడు, అది నాకు ఇనబడ్డది. మీరిద్దరు కొట్లాడుకున్నరు, పంచాతి నా మీదికి తెస్తున్నరు అనుకున్న. రొట్టెలకు పిండి పిసుకుతున్న. చేతులకు పిండి ఉండె. రానీ తియ్, వచ్చినంక సూద్దామని పిసుక్కుంట కూసున్న. నువ్వు దర్వాజ కాడికి వచ్చినంకనే లేసిన."

కరుణ తల్లి వైపు చూసింది. అప్పటినుంచీ ఇంట్లో జొన్న రొట్టెలు ఎందుకు లేవో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. అన్నకు ఇష్టం కాబట్టి మానేశారనుకుంది.

"నాయినకు తెలుసా?"

"ఎవలకు చెప్పలే. నీకే."

తల్లి అప్పుడు తలెత్తింది. ఆ కళ్లలో ఉన్నది కరుణ వెంటనే గుర్తుపట్టింది. అద్దంలో రోజూ చూసేదే. తల్లి అడగలేదు గానీ అడుగుతోంది. చదువుకున్నావు కదా, లెక్క తెలుసు కదా, చెప్పు. పిండి పిసుకుతూ కూర్చున్నంతసేపట్లో నీళ్లు ఎంత దూరం పోయి ఉంటాయి? నేను వెంటనే లేచి వచ్చి ఉంటే?

ఆ లెక్క వేయడం కరుణకు వచ్చు. కావలసినవన్నీ ఇప్పుడు ఆమె దగ్గర ఉన్నాయి. కాలువ వాలు తెలుసు, పండు ఎలా పోయిందో తెలుసు, ఇంటికీ కట్టకూ మధ్య దూరం కాళ్లకే తెలుసు. తలలో అంకెలు వాటంతటవే పక్కపక్కన వచ్చి నిలబడుతున్నాయి. ఆమె లేచి నిలబడింది. తల్లి ఒళ్లోంచి చేట తీసి పక్కన పెట్టి, ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుంది.

"అప్పటికే అయిపోయె అమ్మా," అంది. "నేను ఒర్రంగనే అయిపోయె. ఇగ నువ్వొచ్చినా ఒకటే, రాకున్నా ఒకటే."

నిజమో కాదో ఆమెకు తెలియదు. తెలుసుకోదలచుకోలేదు. బాలనర్సమ్మ నమ్మిందో లేదో కూడా తెలియదు. కూతురి భుజం మీద తల పెట్టి, చప్పుడు లేకుండా ఏడ్చింది. గౌరయ్య పొలం నుంచి వచ్చి వాకిట్లో ఇద్దర్నీ అలా చూసి, ఏమీ అడగకుండా కాళ్లు కడుక్కుని, పొయ్యి మీద తనే బియ్యం పెట్టాడు.

శుక్రవారం పొద్దున మొదటి బస్సుకు బయల్దేరింది. హుజూర్‌నగర్‌లో బస్సు మారి కోదాడ చేరేసరికి క్లాసులు మొదలయ్యాయి. నేరుగా స్టీఫెన్ సార్ గదికి వెళ్లి కాగితం బల్ల మీద పెట్టింది. ఈసారి సంతకం ఉంది.

సార్ చదివి, ఆమె వైపు చూశాడు. మాటిచ్చినట్టు ఏమీ అడగకూడదనుకున్నాడు. పెన్ను తీశాడు. అయినా ఉండబట్టలేక, "నువ్వు చెయ్యగలవని నాకు తెలుసు. నీకూ తెలుసు," అన్నాడు.

"చెయ్యగలుగుత కాబట్టే సార్," అంది కరుణ. "నాకొక లెక్క వెయ్యాలని లేదు. గీ క్లాసుల కూసుంటే ఎప్పుడో ఒకనాడు వేస్త."

సార్ సంతకం పెట్టి, కాగితం ఆమె చేతికి ఇస్తూ లేచి నిలబడ్డాడు. పెద్దవాళ్లు వెళ్లిపోతున్నప్పుడు నిలబడ్డట్టు.

రోడ్ల క్లాసు చెప్పే మేడమ్ ఏ రోజూ పుస్తకం దాటి మాట్లాడలేదు. తారు ఎంత వేడి మీద పోయాలి, కంకర ఏ సైజు ఉండాలి. అక్షిత పక్కన కూర్చుని కరుణ అన్నీ రాసుకుంది. కల రావడం ఆగలేదు గానీ మారింది. ఇప్పుడు కాళ్లు కదులుతాయి. మెట్ల దగ్గరికి చేరుతుంది, కూర్చుంటుంది. అన్న నడి కాలువలోంచి వస్తాడు, తల ఆమె వైపు తిప్పుతాడు, వెళ్లిపోతాడు. అది వెనకటి దానికంటే మేలో కాదో ఆమె చెప్పలేకపోయింది. ఒకరోజు మెలకువ వచ్చి కూర్చుంటే, అక్షిత కూడా లేచి, ఏమీ అడగకుండా నీళ్ల సీసా అందించింది. అప్పుడు అక్షితకు మొత్తం చెప్పింది.

సెమిస్టర్ పరీక్షలయ్యాక డిసెంబరులో ఇంటికి వెళ్లింది. వానాకాలం పంటకు నీళ్లు ఆపేశారు. యాసంగికి ఇంకా వదల్లేదు. కాలువ ఎండి ఉంది.

"పోదాం పా," అంది బాలనర్సమ్మ ఒక మధ్యాహ్నం, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుంటూ. ఎక్కడికని కరుణ అడగలేదు.

కింది వంతెన దగ్గర మెట్లు దిగారు. చివరి మెట్టు కింద ఇంకా మెట్లున్నాయి, ఎప్పుడూ నీళ్లలో ఉండి ఎవరికీ కనబడనివి. అవి కూడా దిగి కాలువ అడుగున నిలబడ్డారు. అక్కడక్కడా నీటి గుంటలు, వాటిలో వేలెడు చేపపిల్లలు, ఒండ్రులో కూరుకుపోయిన ప్లాస్టిక్ సంచులు, ఎవరిదో తుప్పుపట్టిన కొడవలి. ఇద్దరూ మెల్లగా నడుచుకుంటూ మధ్యకు వచ్చారు. పైన కట్ట మీద పోయే మనుషులకు వీళ్లు కనబడరు. గాలి కూడా పైనుంచే పోతోంది. మాట్లాడితే మాట గట్లకు తగిలి తిరిగి వస్తోంది.

బాలనర్సమ్మ తలెత్తి సిమెంటు గోడ మీద నీళ్లు మిగిల్చిన నల్లటి చారను చూసింది. అది ఆమె తలకు కొంచెం పైన ఉంది.

"గింతేనా లోతు?" అంది.

"గింతే."

"జీవన్ నాకంటె పొడుగుంటుండె గదనే."

మూడేళ్లలో ఆమె నోట ఆ పేరు రావడం అదే మొదటిసారి. పేరు గట్ల మధ్య ఒకసారి మోగి ఆగిపోయింది. ఇద్దరూ ఆ చప్పుడు పూర్తిగా పోయేదాకా నిలబడ్డారు.

"రేపో ఎల్లుండో నీళ్లు ఇడుస్తరట," అంది తల్లి కాసేపటికి. "నారు పోసుకునుడు ఉన్నది. పా బిడ్డా."

మెట్ల మీద ఎండిన నాచు కాలి కింద పొడిపొడిగా రాలుతోంది. తల్లి ముందు ఎక్కింది. కరుణ ఒక్కసారి వెనక్కి, షట్టరు ఉన్న వైపు చూసి, ఆమె వెనకే ఎక్కింది.